మట్టము, క్షితిజము, ఒక తప్పు జవాబు



ధర్మాబాద్‌లో తెలుగు చెప్పుకునే నాకు విమానాలతో పనేమిటని మీరనుకోవచ్చును. ఏడవ తరగతి బాలిక ఒకర్తె అడిగిన ప్రశ్నే కారణం: "సార్, విమానం వంగకుండ పోతున్నదని నడిపేటాయనకు ఎట్ల తెలుస్తది?"

ఆమె తండ్రి తాపీ మేస్త్రీ. అందుచేత నేను ఆలోచించకుండానే, "మీ నాయన దగ్గర రసమట్టం ఉన్నది కదా, బుడగ నడుమనుంటే విమానమూ మట్టంగా ఉన్నట్టే" అన్నాను. పిల్లలందరూ తలలూపారు.

సెలవులకు వచ్చిన నా పూర్వ విద్యార్థికి ఈ ముచ్చట చెప్పాను. అతడు ఎన్.సి.సి. వైమానిక విభాగంలో రెండు సీట్ల తేలికపాటి విమానంలో శిక్షణ పొందినవాడు. (అటువంటి 194 విమానాల కోసం మన దేశం 2015లో స్లొవేనియాకు చెందిన పిపిస్ట్రెల్ సంస్థతో ఒప్పందం చేసుకున్నది.) అతడు నవ్వి, "సార్, ఒరిగి సరిగ్గా మలుపు తిరిగేటప్పుడు కూడ బుడగ నడుమనే ఉంటుంది" అన్నాడు. శరీరమూ అట్లే మోసపోతుందట.

కనుక శిక్షకుడు ముందుగా బయటికి చూడమంటాడు. నేలా ఆకాశమూ కలిసే గీతకు విమానపు ముక్కు ఎంత దిగువన ఉన్నదో, రెక్కల కొనలు రెండూ ఆ గీతకు సమానంగా ఉన్నవో లేదో గమనించాలి. ఎత్తు చూపే ముల్లు కదలక నిలిచిననాటి దృశ్యాన్ని మనసున నిలుపుకోవాలి. వేగం తగ్గితే ముక్కు కొంత పైకెత్తితేనే ఎత్తు నిలుస్తుంది గనుక ఆ దృశ్యమూ మారుతుంది. పక్కపక్క సీట్లున్న విమానంలో ముక్కు నడిమి భాగాన్ని గాక, తన కళ్ళకు సూటిగా ఎదుట ఉన్నదాన్ని చూడాలి.

మరునాడు తరగతిలో నా జవాబు తప్పని ఒప్పుకున్నాను. పళ్ళానికి మూడు తాళ్ళు కట్టి, దానిపై నీళ్ళ గ్లాసు పెట్టి ఊపి చూపాను. పళ్ళెం ఒరిగినా నీరు ఒలకలేదు. "మట్టం కాదు, మరేది చూడాలి?" అంటూ పలకపై "దిగంతం" అని వ్రాశాను. ఎవరికీ అర్థం కాలేదు. వెనుక నుండి ఒక బాలుడు, "క్షితిజ్ కదా సార్!" అన్నాడు. మరాఠీ పుస్తకంలో చదివాడట. క్షితిజము మన తెలుగులోనూ ఉన్న మాటే. దానినే పక్కన వ్రాశాను.

ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ నా మనవి ఒకటే. పిల్లలు వెంటనే తలలూపిన జవాబును మనం మరొకమారు పరీక్షించుకోవాలి.

గంట కొట్టే వేళకు ఆ బాలిక మళ్ళీ లేచింది. "మబ్బుల గీత కనబడకపోతే సార్?"

తెలుసుకొని రేపు చెబుతానన్నాను.