పాతరలోని వగరు

తెలావీ దగ్గరి ఆ పల్లెకు మేం చేరేసరికి ద్రాక్ష కోత సగం అయిపోయింది. అక్టోబరు మొదటి వారం. జార్జియా తూర్పున ఉన్న కాఖేతి సీమలో ఈ కోతల పండుగను ర్త్వేలి అంటారు. మా మేనకోడలు త్బిలిసీలో మెడిసిన్ చదువుతోంది. మన తెలుగు పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. మేం వెళ్లింది తన స్నేహితురాలి తాతగారింటికి. "మామయ్యా, ఆయన పోస్తే వద్దనకు, నొచ్చుకుంటాడు" అని దారిలోనే చెప్పింది.

కోస్తున్నది ర్కత్సితెలి అనే తెల్లద్రాక్ష. పెద్ద దుంగను దోనెలా తొలిచి పెరట్లో పెట్టారు. ఇద్దరు కుర్రాళ్లు కాళ్లు శుభ్రంగా కడుక్కుని అందులోకి దిగి తొక్కారు. కారిన రసాన్ని తొక్కలతో, గింజలతో, కొన్ని కాడలతో సహా క్వేవ్రిలోకి దించారు. కోడిగుడ్డు ఆకారపు మట్టికాగు అది. లోపల తేనెమైనం పూసి, మూతి మాత్రమే పైకి కనబడేలా నేలలో పాతిపెట్టారు. దాన్ని చూడగానే మా తాతల నాటి ధాన్యం పాతర గుర్తొచ్చింది.

మామూలు వైట్ వైన్ చేసేవాళ్లు రసం పిండగానే తొక్కలు తీసేస్తారు. కాఖేతిలో ఐదారు నెలలు అలాగే నానబెడతారు. రంగూ, వగరూ ఆ తొక్కల నుంచే వస్తాయి. ఈస్ట్ కొని కలపరు, కాయతోపాటు తోటలోంచి వచ్చిందే పులియబెడుతుంది. నాలుగు రోజుల కిందట నింపిన పక్క కాగు మూత తీస్తే లోపల కుతకుతమని చప్పుడు. పైకి తేలిన తొక్కల్ని పెద్దాయన పొడవాటి కర్రతో కిందికి అదిమాడు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా అదమకపోతే పైపొర ఎండి, వైన్ వెనిగర్ దారి పడుతుందట. నేను మూతి మీదికి వంగబోతే భుజం పట్టి వెనక్కి లాగాడు. పులిసేటప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ ప్రాణం తీయగలదు. పాడుబావిలో దిగి ఊపిరాడక పోయినవాళ్ల సంగతి విని పెరిగినవాణ్ని, మారు మాట్లాడకుండా తప్పుకున్నాను.

ఇక్కడ వైన్ చేయడం చాలా పాత అలవాటు. త్బిలిసీకి దక్షిణాన గదాచ్రిలి గోరా అనే దిబ్బలో దొరికిన కుండపెంకుల్లో ద్రాక్ష వైన్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాటి వయసు సుమారు 8,000 ఏళ్లు. క్వేవ్రి పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. ఇలా తొక్కలతో నానబెట్టిన తెల్లద్రాక్ష వైన్‌కు ఆరెంజ్ వైన్ అన్న పేరు మాత్రం నిన్నమొన్నటిది, 2004లో డేవిడ్ హార్వే అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి పెట్టాడు. నారింజపండుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. జార్జియా వాళ్లు అంబర్ వైన్ అంటారు, నాకు ఆ పేరే నచ్చింది. గ్లాసును ఎండకు పట్టుకుంటే అచ్చం తుమ్మబంక రంగు.

మధ్యాహ్నం చెట్టుకింద బల్ల వేసి నిరుటి వైన్ పోశారు. ఎండు ఆప్రికాట్, తేనె, టీ ఆకుల వాసన. తీపి ఉంటుందనుకుని గుక్క వేస్తే బుగ్గల లోపలా చిగుళ్ల మీదా పట్టేసింది. "ఎలా ఉంది?" అని పెద్దాయన అడిగించాడు. "వగరు" అన్నాను. ఇంగ్లిష్‌లో ఏం చెప్పాలో మా పిల్లకు తట్టలేదు. ఏటా ఉగాది నాడు మామిడి పిందెతో ఈ రుచిని నాలుకకు గుర్తుచేసుకునే జాతి మనది. ఈ వైన్‌ను తెలుగువాళ్లు తేలిగ్గా పోల్చుకోగలరని నాకు అప్పుడే అనిపించింది.

వగరుకు తోడు నూనె, కొవ్వు, మాంసం. వగరునిచ్చే టానిన్లు నోట్లో లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుంటాయి. పక్కన మాంసమో జున్నో ఉంటే వాటి మీదికి పోతాయి, నోరు తేలికపడుతుంది. ద్రాక్షతీగల నిప్పుల మీద కాల్చిన మాంసంతో అదే జరిగింది. జున్ను నింపిన ఖచాపురీతోనూ బాగుంది. వాగుచేపను ఉప్పేసి ఉడికించి పెడితే మాత్రం వైన్ ముందు దాని రుచే తెలియలేదు. నన్ను పట్టి నిలబెట్టింది బద్రిజానీ. వంకాయ చీలికల్ని వేయించి, అక్రూట్, వెల్లుల్లి నూరిన ముద్ద పెట్టి చుట్టి, దానిమ్మ గింజలు చల్లుతారు. ఆ ముద్దలో ఒక రకం మెంతి, ఎండిన బంతిరేకుల పొడి కూడా కలుపుతారట. మన గుమ్మానికి కట్టే పువ్వు అక్కడ మసాలా!

త్బిలిసీకి తిరిగొచ్చాక ఒక దుకాణంలో కొన్న సీసా తెరిస్తే గుప్పున వెనిగర్ వాసన. సహజంగా చేసింది ఇలాగే ఉంటుందని అమ్మినాయన సర్దిచెప్పాడు. నేనొప్పుకోను. అంతకు రెండు రోజుల ముందే, మందులేవీ కలపకుండా చేసిన వైన్ ఎంత శుభ్రంగా ఉంటుందో పెద్దాయన కాగులో చూసి వచ్చాను.

ఆయన ఇచ్చిన సీసాతో ఆ రాత్రి మేనకోడలి గదిలో మన వంటలు పరీక్షించాం. ఆవకాయతో కుదరలేదు, వగరూ ఆల్కహాలూ కలిసి కారాన్ని మరింత మండించాయి. గోంగూర పులుపు వైన్ రుచిని చంపేసింది. వేరుశనగలు, నువ్వులు వేయించి నూరి, కారం సగానికి తగ్గించి వండిన గుత్తివంకాయ మాత్రం దానికోసమే పుట్టినట్టు కలిసిపోయింది. మీరూ అలాగే వండి చూడండి. వైన్ మరీ చల్లబడితే వగరు మొరటవుతుంది, 12 నుంచి 14 డిగ్రీల చల్లదనం చాలు.