గ్రామఫోను పిచ్చి

పాత గ్రామఫోను రికార్డులు సేకరించేవారిని లోకం తొందరగా అంచనా వేస్తుంది. ‘పని లేనివాడు’ అంటారు ఇరుగుపొరుగువారు. ‘ఆ డబ్బు కూడబెడితే రెండు సెంట్ల స్థలం వచ్చేది’ అంటారు బంధువులు. ఇల్లాలి సణుగుడు మాత్రం వేరు. నెలాఖరు కష్టం తెలిసినది ఆమెకే కనుక అందులో న్యాయం లేకపోలేదు.

చూసేవారికి కనిపించేది ఖర్చే. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ రికార్డు ఒక్కో వైపు సుమారు 3 నిమిషాలే పాడుతుంది. వైపు మార్చినప్పుడల్లా ఉక్కు ముల్లు మార్చాలి. లక్క కలిపి చేసినది కాబట్టి చేయి జారితే ముక్కలే. ఇంత అవస్థ దేనికని నవ్వుతారే గాని, ఆ గరగర చప్పుడులో అతడు దేనికి చెవి ఒగ్గాడో అడగరు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి, పాట చివర తన పేరు తానే చెప్పుకొన్నది. ఆ గొంతు నేటికీ వినబడుతున్నదంటే ఎవరో ఆ రికార్డును పదిలంగా దాచబట్టే.

చెన్నైలో వి.ఎ.కె. రంగారావు ఇటువంటి రికార్డులు వేల సంఖ్యలో సేకరించారు. పాత సినిమా పేర్ల పట్టికలో లేని గాయని పేరు ఒక్కోసారి రికార్డు మీది చీటీలో దొరుకుతుంది.

సేకరించినవాడు పోయాక పెట్టెలు అటకెక్కుతాయి. ‘పాత సామానువాడికి వేద్దాం’ అనే మాట ఆ ఇంట్లోనే పుడుతుంది. ఆ చీటీలు చదివి చెప్పగల మనిషి ఆనాడు దగ్గర ఉంటాడో, ఉండడో!