బలం డబ్బాలో దొరుకుతుందా?

బక్కపలుచని బిడ్డ కాస్త ఒళ్ళు చేయాలని తల్లి పడే ఆరాటం ఈనాటిది కాదు. హజ్రత్ ఆయిషా (రజి.) అత్తవారింటికి వెళ్ళవలసిన రోజుల్లో ఆమె మాతృమూర్తి అందుకోసం ఎన్నో ప్రయత్నాలు చేశారు. ఏదీ ఫలించలేదు. చివరకు దోసకాయతో తాజా ఖర్జూరాలు కలిపి తినిపించగా కోరుకున్న ఫలితం కనిపించింది. అబూదావూద్, ఇబ్నెమాజా హదీసు గ్రంథాలలో ఈ ఉదంతం ఆయిషా (రజి.) మాటగానే నమోదై ఉంది. బలహీనుడైన విశ్వాసి కంటే బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రియమైనవాడని, అయితే ఇద్దరిలోనూ మేలు ఉన్నదని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు. కాబట్టి దేహపుష్టిని కోరుకోవడంలో తప్పు లేదు. దానిని ఏ దారిన సంపాదిస్తున్నామన్నదే ఆలోచించవలసిన విషయం.

చిత్తూరులోని ఒక మదరసాలో ముప్పై ఏళ్ళుగా బోధిస్తున్నాను. వెనుకటి తరం యువకులు తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి, ఇంటికి వచ్చి పాలు, గుడ్లు, నానబెట్టిన బాదం పప్పులు తీసుకునేవారు. నేటి విద్యార్థులు జిమ్ములో అమ్మే పొడి డబ్బాల గురించి "హజ్రత్, ఇది తాగవచ్చునా? హలాలేనా?" అని అడుగుతున్నారు. అలా అడిగిన వారిలో పదిహేడేళ్ళ హిఫ్జ్ విద్యార్థి ఒకడున్నాడు. తోటివారు 'చీపురుపుల్ల' అని వెక్కిరించడం భరించలేక, బండి మీద కొబ్బరిబోండాలు అమ్మే తండ్రిని ఒప్పించి దాదాపు 3,000 రూపాయల డబ్బా కొనిపించాడు. నెల రోజులు తాగాడు. బరువు పెరగకపోగా నాలుగు కిలోలు తగ్గాడు. పాఠం మధ్యలో నీళ్ళకోసం, మూత్రానికి పదేపదే లేచి వెళ్ళడం గమనించి, తండ్రిని పిలిపించి ఆసుపత్రికి పంపాను. రక్తంలో చక్కెర విపరీతంగా ఉన్నదని, దేహంలో ఇన్సులిన్ తయారు కావడం లేదని తేలింది. ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు వచ్చేదని వైద్యులు చెప్పారు. అల్లాహ్ దయవల్ల ఇన్సులిన్‌తో కోలుకున్నాడు.

ఆ వ్యాధి డబ్బా వల్ల వచ్చినది కాదు. అయితే సన్నబడటానికి కారణం తెలుసుకోకుండా డబ్బా కొనడం వల్ల ఒక నెల వృథా అయింది. పైగా బరువు పెంచుతామని అమ్మే చాలా పొడులలో అధిక భాగం మాల్టోడెక్స్‌ట్రిన్, చక్కెర వంటి పిండిపదార్థాలే. ఆ బిడ్డకు అవి మరింత హానికరం. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విడవని దగ్గు, సాయంత్రపు జ్వరం, అతి దాహం ఉన్నా ముందు క్షయ, మధుమేహం, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి.

ఆరోగ్యవంతునికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయని భారత వైద్య పరిశోధన మండలి నిర్ణయించింది. అంటే 55 కిలోల యువకునికి సుమారు 46 గ్రాములు. బరువులెత్తి కఠినంగా శ్రమించేవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాముల వరకు అవసరం కావచ్చు. దీనిలో అధిక భాగం మన వంటింట్లోనే లభిస్తుంది. పావు లీటరు పాలు, 30 గ్రాముల వేయించిన వేరుసెనగ పప్పు పొడి, ఒక అరటిపండు, నాలుగు ఖర్జూరాలు కలిపి చిలికితే దాదాపు 500 క్యాలరీలు, 16 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. దానికి తోడు రెండు గుడ్లు తింటే మరో 12 గ్రాములు. రాగి సంగటి, వేరుసెనగ ఊరుబిండి, పప్పు, మాంసం ఉన్న ఇంటికి డబ్బా లోటు ఉండదు. మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగే ఏదైనా తీసుకోవాలి.

పాల విరుగుడు నుంచి తీసే వే ప్రోటీన్ విషం కాదు. భోజనంలో లోటు ఉన్నవారికి అది ఒక సాధనం. అయితే కండలకోసం ప్రోటీన్ పొడులపై ఆధారపడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో సూచించింది. మితిమీరిన మోతాదు దీర్ఘకాలంలో ఎముకలకు, మూత్రపిండాలకు హాని చేయవచ్చని హెచ్చరించింది. కొనేవారు లైసెన్సు నంబరు, పదార్థాల పట్టిక చూడాలి. గుళికల పైపొర సాధారణంగా జిలాటిన్‌తో చేస్తారు. అది పంది నుంచి కూడా రావచ్చు కనుక, మూలం తెలియనిదానికి దూరంగా ఉండడమే మేలు. పేరు లేని పొడులను, స్టెరాయిడ్ సూదిమందులను దరిచేరనీయకూడదు. కాలేయం, గుండె దెబ్బతినడమే కాక సంతాన యోగ్యత కూడా పోవచ్చు.

వ్యాయామం లేని అదనపు భోజనం కొవ్వుగా మారుతుంది. నిద్ర లేనిదే కండ పెరగదు. ఇషా తరువాత ఫోను పక్కన పెట్టి పడుకున్నవాడు ఫజ్ర్‌నూ పొందుతాడు, శరీరాన్నీ బాగుచేసుకుంటాడు. వారానికి పావు కిలో నుంచి అర కిలో పెరిగితే అదే ఆరోగ్యకరమైన వేగం.

తల్లిదండ్రులారా! బిడ్డ డబ్బా అడిగిననాడు కసరవద్దు. మొదట తూకం వేయించండి, ఏమి తింటున్నాడో, ఎంతసేపు నిద్రపోతున్నాడో కనుక్కోండి. ఎవరు ఎగతాళి చేశారో కూడా అడగండి. బిడ్డ దేహం మన చేతిలోని అమానతు. దానిని కాపాడే వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.