నార్త్ బెరిక్ బండల మీద

స్కాట్లండ్ ముఖ్యపట్టణమైన ఎడింబరోలో రైలెక్కితే అరగంట దాటేసరికి నార్త్ బెరిక్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరికెదురుగా సముద్రంలో బాస్ రాక్ అనే పెద్ద బండకొండ ఉంది. పక్షుల గుంపులతో, వాటి రెట్టతో దూరానికి తెల్లగా కనబడుతుంది. 17వ శతాబ్దంలో కవెనంటర్లనే ప్రొటెస్టెంటు బోధకులను ఆ బండమీదనే ఖైదు చేశారు. వచ్చినవారంతా ఆ కొండవైపే చూస్తారు. మేము మాత్రం కాళ్ళ దగ్గర చూసుకుంటూ నడిచాము.

పోటు తీసిన తరువాత బండల సందుల్లో నీళ్ళు నిలుస్తాయి. ఆ గుంటల అంచున ఎర్రబెల్లం ముద్దలు అతికించినట్లు ఏవో కనబడతాయి. నీరు తిరిగి రాగానే ముద్ద విచ్చుకొని పువ్వవుతుంది. రేకులనుకున్నవి రేకులు కావు, ఆహారాన్ని పట్టి నోటికందించే చేతులు! దీని పేరు సీ ఎనిమోన్. మొక్క కాదు, జంతువు. మన విశాఖ తీరపు బండల్లోనూ దీని చుట్టాలున్నాయి. వంగి చూసేవారే తక్కువ.

1828లో ఈ తీరం నుండే సర్ జాన్ డాలియెల్ అనే ఆయన ఒక ఎనిమోన్‌ను ఎడింబరోకు తీసుకువెళ్ళి గాజుపాత్రలో పెంచాడు. పసితనంలోనే కిందపడి, జీవితమంతా కుంటుతూ నడిచిన మనిషి ఆయన. కరెంటు లేదు, పంపు లేదు. సముద్రపు నీరు మోయించుకొని, పాడుకాకుండా మారుస్తూ దాన్ని కాపాడాడు. 1851లో ఆయన చనిపోతే అది జాన్ ఫ్లెమింగ్ చేతికి వచ్చింది. ఈయన సంఘకాపరిగా పనిచేసి, తరువాత ఫ్రీ చర్చివారి న్యూ కాలేజీలో ప్రకృతిశాస్త్రం బోధించాడు. ఆయన తరువాత ఒక వైద్యుడు, ఆ పిమ్మట బొటానికల్ గార్డెన్ వారు. జనం దానికి గ్రానీ, అంటే అవ్వ అని పేరుపెట్టారు. 1857లో ఒక్క రాత్రిలో రెండు వందలకు పైగా పిల్లలను కన్నది. 1887 ఆగస్టులో అది చనిపోతే స్కాట్స్‌మన్ పత్రిక మరణవార్త వేసింది. ఒక గాజుపాత్రలో 59 ఏళ్ళు!

ఈ కథ చెప్పినవాడు ఎడింబరోలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి కొడుకు. వాడి కూతురు చిన్న బకెట్టు పట్టుకొని, "నాన్నా, మన దానికి బాగుకాకపోతే ఇక్కడిది ఒకటి తీసుకెళదాం" అన్నది. వాడు ఒప్పుకోలేదు. గోటితో పెకలిస్తే పాదం చిరుగుతుంది. పైగా ఇవి చల్లనీటి జీవులు, వాడి తొట్టిలో నీరు 25 డిగ్రీల వెచ్చదనం.

ఇంట్లో వాడికి పగడాలు, చేపలు ఉన్న గాజుతొట్టి ఉంది. అందులోని ఎనిమోన్ రాత్రివేళ చోటుమారి నీటిపంపు దగ్గరకు పోయింది. పంపు లాగి, దాని పాదం చీల్చింది.

"మందేమి వేశావురా?" అని అడిగాను.

"మందేమీ లేదు పెద్దమ్మా. శుభ్రమైన ఉప్పునీరు, కదల్చకుండా వదిలెయ్యడం, అంతే."

అయినా వాడికి పని తక్కువేమీ కాదు. పంపు ఆపాకనే దాన్ని మెల్లగా విడిపించాడు. పంపు మూతికి స్పాంజి తొడిగాడు. ఉప్పు కలిపిన కొత్త నీటిని అదే వెచ్చదనానికి తెచ్చి కొంత కొంత మార్చాడు. దానిలో కాపురముండే నారింజరంగు చేప గాయాన్ని రుద్దుతుందని చిల్లుల బుట్ట బోర్లించాడు. రోజూ లేవగానే చూసేది నోరే. నోరు తెరుచుకుపోయి, ఒళ్ళు కరిగి, కంపు కొడితే ఆశలేదు. వెంటనే తీసెయ్యాలి. లేకపోతే నీరంతా విషమై తక్కినవీ చస్తాయి.

ఎనిమిదోనాడు పాదం రాతికి అంటుకున్నది. వాడు గోరంత రొయ్యముక్క అందిస్తే పట్టుకొని, కాసేపటికి ఉమ్మేసింది. పాప మొహం చిన్నబోయింది. మూడు రోజులాగి మళ్ళీ పెట్టాడు. ఈసారి మింగింది.