ఐసా క్యా?

"మా నానీమా లాడ్‌బజార్ల లక్కగాజులకు అద్దాలు అతికేది" అని ఇంగ్లిషుల చెప్పిన.

"డిడ్ షీ?" అన్నది ఆమె.

గతుక్కుమన్న. అతికిందా అని అడుగుడేంది? అతికింది గనుకనే చెప్తున్న గదా! వేడి లక్కకు నానీమా వేళ్లు ఎట్ల మొద్దుబారిపోయినయో చెప్పిన. "హాడ్ దే?" అన్నది. ఇగ అద్దాలు ఎన్ని రకాలు, డజనుకు ఎంత కూలి, అన్నీ ఏకరువు పెట్టిన. సాక్షులుంటే పిలిచేటట్టే ఉన్న.

2009 చలికాలం. ఆమె ఇంగ్లండు నుంచి దక్కనీ ఉర్దూ మీద పని చేయడానికి వచ్చింది. ఎవరో దోస్తు చెప్తే నాలుగు దినాలు పాతబస్తీ అంతా వెంట తిప్పిన. మంచి మనిషి. కాని నేను ఏ మాట చెప్పినా "ఆర్ యూ?", "డజ్ హీ?", "వర్ దే?". సాయంత్రానికి నాకు పంచనామా నడుస్తున్నట్టే అనిపించింది.

ఎందుకట్ల అనిపించిందో ఇప్పుడు తెలుస్తున్నది. మనకు ప్రశ్న అంటే అనుమానమే. 2007 మే 18న మక్కా మసీదుల బాంబు పేలినంక పాతబస్తీ గల్లీలల్ల వార్తల కోసం తిరిగిన. విచారణ అని పిల్లల్ని ఎత్తుకపోయిన రోజులు. ఒక మలుపు కాడ నన్ను ఆపిండ్రు. పేరు చెప్పిన. రిపోర్టర్నన్న. "అవునా?" అని కార్డు తీసుకుని ఎండకు పెట్టి చూసిండు. అచ్చమైన తెలుగు మాట, మూడక్షరాలు. ఆ "అవునా"కు జవాబు ఏముంటది?

కిరాయి ఇంటి కోసం ఫోను చేసినప్పుడూ అంతే. నా తెలుగు వినంగనే "రండి సార్, చూసుకోండి" అంటరు. పేరు చెప్పంగనే "ఓహో, అట్లనా..." అంటరు. ఆ "నా" ఎంత సాగితే ఇల్లు అంత దూరం. సాహిత్య సభలల్ల ఇంకో తీరు. "మీరు తెలుగు ఇంత బాగ మాట్లాడుతరే!" అంటరు. నేను ఇక్కడోణ్ణే అంటే "అవునా?" అంటరు. అప్పుడు పక్కనున్న పెద్దమనిషి, పాపం మంచి మనసుతోనే, ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల్ని ఆదరించిన ముచ్చట ఎత్తుతడు. నేను ఈ నేల మీద తెలుగు మాట్లాడినందుకు జామీను ఇయ్యడానికి 16వ శతాబ్దం నుంచి ఒక సుల్తాను దిగిరావాల్నా?

మూడో దినం ఇరానీ హోటల్ల చాయ్ తాగుకుంట అడిగేసిన: "నా మాటలు మీకు నమ్మకం లేదా?" ఆమె కప్పు కింద పెట్టింది. మొకం ఎర్రబడ్డది. అది ప్రశ్నే కాదన్నది. వింటున్న, చెప్పు అనడమేనట. జవాబు ఇయ్యనక్కర్లేదు, ముచ్చట ముందుకు పోనిస్తే చాలునట.

నేను బి.ఏ. చదివినోణ్ణి. వాక్యం చివర తగిలించే తోకప్రశ్నలు మాకు బట్టీ పట్టించిండ్రు. అవి మాట్లాడేటోడు తన మాటకు తనే పెట్టుకునేవి. వినేటోడు తిప్పి అనే ఈ చిట్టి ప్రశ్నల సంగతి ఏ సారూ చెప్పలే. చూస్తే లెక్క అల్కగనే ఉన్నది. ఎదుటి మనిషి వాడిన సహాయక్రియను పట్టుకోవాలె, మనిషిని తిప్పాలె. "ఐ యామ్ టైర్డ్" అంటే "ఆర్ యూ?". "మై బ్రదర్ వర్క్స్ ఇన్ జెద్దా" అంటే అండ్ల సహాయక్రియ కనబడది, గనుక "డజ్ హీ?". "వుయ్ వెంట్ టు ది ఉర్స్" అంటే "డిడ్ యూ?". లేదు, రాదు అంటే ప్రశ్న కూడా అట్లనే ఉండాలె: "అమ్మీ కాంట్ రీడ్ తెలుగు" అంటే "కాంట్ షీ?".

మనోళ్లు అన్నిటికీ "ఈజ్ ఇట్?" అంటరు. నిన్న జ్వరమొచ్చిందంటే "ఈజ్ ఇట్?", అన్న దుబాయ్ పోయిండంటే "ఈజ్ ఇట్?". నేను నవ్వను. మన "అట్లనా?" ఇంగ్లిషు అంగీ తొడుక్కున్నదంతే. కాని ఒక్కటి ఒప్పుకోవాలె. "డజ్ హీ?" అనాలంటే ఎవరి ముచ్చట, ఏ కాలం ముచ్చట అన్నది చెవిన పడాలె. పరధ్యానంగ ఉన్నోడు "అట్లనా" అనగలడు గాని "హాడ్ దే?" అనలేడు. ఇగ మిగిలిందంతా గొంతుల ఉన్నది. తేలికగ, కొద్దిగ లేపి అంటే ఆసక్తి. చప్పగ అంటే ఇగ చాలు అన్నట్టు. సాగదీసి పైకి లేపితే నమ్మనట్టు. వాక్యం వాక్యానికీ అంటే మాత్రం నాలాంటోడు బెదురుతడు. నడుమ నడుమ ఒక "ఓ", ఒక "రియల్లీ", లేకుంటే తల ఊపితే చాలు. ఆమెకు ఆ మాటే చెప్పిన. "డిడ్ ఐ?" అని నవ్వింది, అన్నిసార్లు అన్ననా అని.

ఇంగ్లిషు ప్రశ్న నన్ను అంతకుముందు ఒకపారి ముంచింది. ఒక ఇంగ్లిషు పత్రికల ఉద్యోగానికి పోయిన. "గణేశ్ నిమజ్జనం వార్తలు రాయడానికి నీకు ఇబ్బంది లేదు కదా?" అని అడిగిండ్రు, ఇంగ్లిషుల. "యెస్ సార్" అన్న. అవును సార్, ఇబ్బంది లేదు అని నా లెక్క. ఉర్దూల "జీ హాఁ", తెలుగుల "అవును" అట్లనే గదా అనేది. ఇంగ్లిషు లెక్కల మాత్రం "యెస్" అంటే ఇబ్బంది ఉన్నదని. "నో సార్" అనాలె. వాళ్లు ఒకరినొకరు చూసుకున్నరు. ఉద్యోగం రాలే. నా వ్యాకరణం తప్పిందో, నా పేరే తప్పయిందో ఈనాటికీ తేల్చుకోలేకపోయిన. అసలు ఆ ప్రశ్న అందరినీ అడిగిండ్రో, నన్నే అడిగిండ్రో!

ఆమె పోయినంక అమ్మీ గుర్తొచ్చింది. నల్లగొండల మా ఇంటి అరుగు మీద పక్కింటి పెద్దమ్మ తెలుగుల తన కోడలి కష్టాలు చెప్పేది. అమ్మీ "ఐసా క్యా?" అనేది. అమ్మీ ఉర్దూల తన మోకాళ్ల నొప్పి చెప్తే పెద్దమ్మ "అట్లనా ఖాలా?" అనేది. సగం సగమే అర్థమయ్యేది ఇద్దరికీ. అయినా అస్ర్ నమాజు కాడ కూర్చుంటే మగ్రిబ్ అజాన్ దాకా లేచేటోళ్లు కారు. ఆ అరుగు మీద ఎవరూ ఎవరినీ రుజువు అడగలే.

మొన్న నా బిడ్డ బడి నుంచి వచ్చి బ్యాగు మూలకు విసిరింది. ఏడో తరగతి. ఇంట్ల ఉర్దూ, గల్లీల తెలుగు, కోపమొస్తే ఇంగ్లిషు.

"దే ఆస్క్‌డ్ మీ ఇఫ్ ఐ వజ్ ఫ్రమ్ పాకిస్తాన్" అన్నది.

నా నోటి నిండా మాటలు నిండుకున్నయి. ఎవరన్నరు, పేరు చెప్పు, రేపే బడికొస్త, మీ పెద్దనానీ లాడ్‌బజార్ల... అన్నీ గొంతు కాడికి వచ్చినయి.

"డిడ్ దే?" అన్న, మెల్లగ.

బిడ్డ నా దిక్కు చూసింది. వచ్చి దస్తర్‌ఖాన్ కాడ కూసున్నది. ముందుగాల ఎవరన్నరో, ఎవరు నవ్విండ్రో, ఎవరు నవ్వకుంట తలకాయ వంచుకున్నరో చెప్పుకుంట పోయింది. నడుమ నేను రెండు మూడుసార్లు "వజ్ షీ?", "డింట్ యూ?" అన్న. ఖట్టీదాల్ సల్లారిపోయింది. తను ఇంకా చెప్తనే ఉన్నది.