చీటీ చెప్పని మాట

తరగతిలో ఒకనాడు 'వెట్టి' అనే పదానికి అర్థం వివరిస్తున్నాను. నిజాం కాలపు తెలంగాణలో దొరలు కూలి ఇవ్వకుండా చేయించుకొన్న చాకిరిని గురించి, దానిని నిషేధించిన మన రాజ్యాంగపు 23వ అధికరణాన్ని గురించి చెప్పాను. వెనుక వరుసలోని ఒక విద్యార్థిని లేచి, “అది పాత ముచ్చట కదా సార్, ఇప్పుడెక్కడుంది?” అన్నది.

వెంటనే సమాధానం తోచలేదు. ఆనాడు నేను తొడుక్కొన్న చొక్కా బజారులో మిక్కిలి చౌకగా దొరికినది. మెడ వెనుక కుట్టిన చీటీ మీద కొలత ఉన్నది, ఉతికే పద్ధతి ఉన్నది, కుట్టిన దేశం పేరున్నది. పత్తి ఏరిన చేతుల ప్రసక్తి మాత్రం లేదు.

ఈ విచారం నేటిది కాదు. 1791 ప్రాంతంలో ఇంగ్లండులోని అనేక కుటుంబాలు, బానిసల చెమటతో తయారైనదని వెస్టిండీస్ చక్కెరను విసర్జించాయి. తరువాతి కాలంలో, ఇందులోనిది బానిసలు చేయని ఇండియా చక్కెర అని రాయించిన గిన్నెలు వారి భోజనపు బల్లలపై వెలిశాయి. మన చక్కెరకు దక్కిన ఆ యోగ్యతాపత్రానికి నేను పొంగిపోలేను. కుంపిణీ ఏలుబడిలో బానిసత్వానికి చట్టపు గుర్తింపు 1843 దాకా తొలగలేదు మరి!

వ్యక్తులు మానుకొన్నదానిని రాజ్యం నిషేధించడం వేరొక మెట్టు. నిర్బంధ శ్రమతో తయారైన సరుకు తమ దేశంలోకి రారాదని 1930లో అమెరికా చట్టం చేసింది. అయితే ఆ చట్టంలోనే ఒక వెసులుబాటు ఉండేది. దేశావసరానికి చాలినంతగా స్వదేశంలో ఉత్పత్తి కాని వస్తువుకు ఆ నిషేధం వర్తించదు. అనగా, మనకు అవసరం లేనంతవరకే అది పాపం! ఈ కంత 2016లో గాని పూడలేదు. 86 ఏళ్లు పట్టింది.

2021లో చేసిన మరొక చట్టం చైనాలోని షింజియాంగ్ ప్రాంతాన్ని ఉద్దేశించినది. అక్కడి వీగర్ ముస్లింల చేత బలవంతంగా పని చేయిస్తున్నారన్నది ఆరోపణ. చైనా దానిని అంగీకరించదు. ప్రపంచపు పత్తిలో సుమారు ఐదవ వంతు అక్కడిదే. 2022 జూన్ నుండి ఆ ప్రాంతపు సరుకును నిర్బంధ శ్రమ ఫలితంగానే భావిస్తారు. కాదని నిరూపించవలసిన భారం దిగుమతిదారుది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన చట్టం ఏ ఒక్క ప్రాంతానికో పరిమితం కాదు. అది 2027 డిసెంబరు నుండి వర్తిస్తుంది.

మరునాడు ఇదంతా తరగతిలో చెప్పాను. ఆ అమ్మాయే మళ్లీ లేచింది. “అక్కడ ఆపేసిన సరుకు ఏమైపోతుంది సార్?”

దిగుమతిదారు దానిని వేరొక దేశానికి పంపుకొనవచ్చునని చెప్పవలసి వచ్చింది.

ఆ సాయంత్రం చొక్కా కొన్న దుకాణానికి వెళ్లి, ఇందులోని పత్తి ఎక్కడిదని అడిగాను. యజమాని రసీదుల కట్ట తిరగవేసి, టోకు వర్తకుని చిరునామా చూపాడు. “అంతకు ముందు సంగతి మాకేం తెలుస్తుంది సార్? ఇంతవరకు ఎవరూ అడగలేదు” అన్నాడు.