పిన్నులు కలిస్తే చాలునా?

పాత మానిటరును వేరొక కంప్యూటరుకు తగిలించి చూసినవారికి ఒక సంగతి తెలుసు. ప్లగ్గు చక్కగా ఇమిడినంత మాత్రాన తెరమీద బొమ్మ రాదు.

1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరు కొరకు రెండు రకాల డిస్‌ప్లే కార్డులు తెచ్చింది. ఒకటి ఒంటిరంగు అక్షరాలకు, మరొకటి రంగుల బొమ్మలకు. రెండింటికీ తొమ్మిది పిన్నుల ప్లగ్గే! అయితే మొదటిదాని మానిటరు సెకనుకు సుమారు 18,400 గీతలు గీస్తుంది. రెండవదానిది సుమారు 15,700 మాత్రమే. ఆ ఒంటిరంగు మానిటరును రంగుల కార్డుకు తగిలిస్తే బొమ్మ చెదరిపోవడమే కాదు, మానిటరు పాడైపోయే ప్రమాదం కూడ ఉండేది. 1987లో వచ్చిన వి.జి.ఎ.కు 15 పిన్నులు, సెకనుకు దాదాపు 31,500 గీతలు. ఆ వేగాన్ని ఈ పాత మానిటర్లు అందుకోలేవు.

1994లో ఒక మంచి పద్ధతి వచ్చింది. మానిటరు తాను ఎంత వేగాన్ని భరించగలదో ఒక చిన్న చిప్పులో ఉంచుకొంటుంది. కంప్యూటరు ముందుగా దానిని చదివి, తగిన విధంగా బొమ్మను పంపుతుంది. నేటి మానిటర్లలోనూ ఈ ఏర్పాటు ఉన్నది. గమనించండి, అడిగేది కంప్యూటరే, సర్దుకొనేదీ కంప్యూటరే.

మా నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత, 1998లో అమ్మ పల్లె విడిచి పట్టణంలోని మా యింటికి వచ్చింది. రక్తసంబంధమే, ఒకే విశ్వాసమే. అంటే పిన్నులు కలిశాయి. కాని అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి ప్రార్థించుకొనేది, ఏడింటికల్లా రాత్రి భోజనం ముగించేది. మా యింట్లో కుటుంబ ప్రార్థన తొమ్మిదిన్నరకు, భోజనం ఆ తరువాత. అమ్మ ఏమీ అనలేదు. కునికిపాట్లు పడుతూ కూర్చొనేది. వారం తిరగకుండానే మాట తగ్గిపోయింది.

అప్పుడు నా భార్య దగ్గర కూర్చొని, "అత్తయ్యా, మీకు ఏ వేళ అనుకూలమో చెప్పండి" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో ప్రార్థన ఆరున్నరకు మారింది. పిల్లల ట్యూషను వేళ మార్చుకొన్నాము. ఆ సాయంత్రమే అమ్మ కీర్తన ఎత్తుకొన్నది.

అపొస్తలుడైన పౌలు ఎవరి యొద్దకు వెళ్లినా వారి స్థితికి తగినట్లు తన్నుతాను మలచుకొన్నాడు. బలము గలవారే ముందుగా అడగాలి, తామే సర్దుకోవాలి. మీ యింట వృద్ధులైన తల్లిదండ్రులు మౌనంగా ఉన్నారా? ఈ రాత్రే వారి ప్రక్కన కూర్చొని అడగండి. ప్రభువు మనకు అట్టి ప్రేమను అనుగ్రహించును గాక!